గుండె కణాల అతుకులు వదిలే జబ్బు ఇంట్లో ఒకరికి ఉందంటే మిగతావాళ్ళు ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి గుండె విభాగంలో నేను జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తాను. నా గదికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఛాతీ నొప్పి ఉండదు, బీపీ ఉండదు, షుగర్ ఉండదు. చేతిలో ఒక ఫైలు మాత్రం ఉంటుంది. అది వాళ్ళది కాదు, తమ్ముడిదో మేనల్లుడిదో. దాని మీద ఏఆర్‌వీసీ (అరిథ్మోజెనిక్ రైట్ వెంట్రిక్యులర్ కార్డియోమయోపతి) అని రాసి ఉంటుంది. గుండె కణాల అతుకులు వదిలి, లయ తప్పే వంశపారంపర్య జబ్బు అది. కూర్చోగానే అడిగేది ఒకటే: "ఇది మాకూ వస్తుందా మేడమ్?"

దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. కొన్ని పనులు వరుసగా చేసుకుంటూ పోతే జవాబు దొరుకుతుంది. ఆ పనులేమిటో, ఏది ముందు ఏది వెనకో ఇక్కడ రాస్తున్నాను. ఈ జబ్బు సుమారు 2,000 నుంచి 5,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వినడానికి అరుదే. కానీ ఒక ఇంట్లో ఒకరికి ఉందంటే ఆ ఇంటికి అది అరుదు కాదు.

పరీక్షల సంగతికి వెళ్ళేముందు గుండె కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో తెలుసుకోండి. ఈ భాగం దాటేయొద్దని గట్టిగా చెబుతాను. పరుగు ఎందుకు మానమంటున్నారు, రిపోర్టు నార్మల్ వచ్చినా మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారు, గుండె జబ్బుకి అరచేతులు ఎందుకు చూస్తున్నారు అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడే ఉంది. నేను చూసినంతలో, ఈ సంగతి అర్థమైన కుటుంబాలే ఏళ్ళ తరబడి విడవకుండా ఫాలోఅప్‌కి వస్తాయి.

కణానికీ కణానికీ మధ్య ఏముంది

గుండె కండర కణం పొడవు మిల్లీమీటరులో పదో వంతు. ఇలాంటివి కోట్ల కణాలు ఒకదాని కొసకి ఇంకొకటి తగిలి వరుసలుగా ఉంటాయి. గుండె అంతా ఒక్కసారే ముడుచుకుంటుంది కాబట్టి, లోపల గోడలే లేవని, అంతా ఒకటే ముద్ద అని చాలాకాలం అనుకున్నారు. మామూలు మైక్రోస్కోపులో కండరానికి అడ్డంగా ముదురు గీతలు కనిపించేవి కానీ అవేమిటో తేలలేదు. 1954లో షోస్ట్రాండ్, ఆండర్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి, ఆ గీతలు రెండు కణాల సరిహద్దులని చూపించారు. వాటినే ఇంటర్‌కెలేటెడ్ డిస్కులు అంటారు.

ఆ సరిహద్దు మెట్లు మెట్లుగా మడతలు పడి ఉంటుంది. అక్కడ మూడు రకాల అతుకులు ఉన్నాయి.

మొదటిది లాగుడు బలాన్ని అందించేది. కణం లోపల ముడుచుకునే యాక్టిన్ పోగులు ఇక్కడికి వచ్చి ఆగుతాయి. ఎన్-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీను కణం పొరలోంచి బయటకు చొచ్చుకొచ్చి, అవతలి కణం నుంచి వచ్చిన ఎన్-క్యాడ్‌హెరిన్‌ని పట్టుకుంటుంది. ఒక కణం ముడుచుకున్న బలం పక్క కణానికి ఈ చోటి నుంచే చేరుతుంది.

రెండోది డెస్మోజోమ్. మన కథంతా దీని గురించే. చంటిపిల్లల చొక్కాలకి ఉండే టిచ్ బటన్లు చూసే ఉంటారు. డెస్మోజోములు అలా అక్కడక్కడా చుక్కల్లా ఉండి రెండు పొరల్ని గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. ఒక్కో డెస్మోజోములో ముఖ్యమైన ప్రొటీన్లు ఐదు. డెస్మోగ్లీన్-2, డెస్మోకొలిన్-2 అనేవి బయటికి వచ్చి అవతలి కణాన్ని పట్టుకుంటాయి. లోపలి వైపు ప్లాకోగ్లోబిన్, ప్లాకోఫిలిన్-2 వాటిని అంటిపెట్టుకుని ఉంటాయి. డెస్మోప్లాకిన్ ఈ మొత్తాన్నీ కణం లోపలి డెస్మిన్ పోగులకు కట్టేస్తుంది. ఈ పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. జీన్ రిపోర్టులో కనిపించే పీకేపీ2, డీఎస్‌పీ, డీఎస్‌జీ2, డీఎస్‌సీ2, జేయూపీ అన్నవి ఈ ఐదు ప్రొటీన్ల జన్యువులే అని గుర్తుంటే చాలు.

మూడోది గ్యాప్ జంక్షన్, కరెంటు దాటే దారి. కనెక్సిన్-43 అనే ప్రొటీన్లు ఆరు కలిస్తే సగం గొట్టం అవుతుంది. అవతలి కణం నుంచి ఇంకో సగం వచ్చి కలిస్తే గొట్టం పూర్తవుతుంది. అందులోంచి సోడియం, పొటాషియం అయాన్లు దాటుతాయి, దాంతో ఒక కణంలో పుట్టిన విద్యుత్ సంకేతం పక్క కణానికి అందుతుంది. ఈ గొట్టాలు ఏళ్ళ తరబడి ఉండేవి కావు. కొన్ని గంటల్లోనే పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. కొత్తవి వచ్చి కుదురుకోవాలంటే రెండు పొరలూ కదలకుండా దగ్గరగా ఉండాలి, అలా ఉంచేవి మిగతా రెండు రకాల అతుకులు. అందుకే డెస్మోజోము బలహీనపడితే లాగుడు తట్టుకునే శక్తితో పాటు కరెంటు కూడా దెబ్బతింటుంది. ఏఆర్‌వీసీని పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే. గుండె సైజు మారకముందే, ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఏమీ కనిపించని రోజుల్లోనే, లయ తప్పి మనిషి పడిపోవచ్చు.

(మామూలు గుండెపోటులోనూ ఈ గొట్టాల పాత్ర ఉంది. రక్తం అందని భాగంలో అవి మూసుకుపోతాయి, కొన్ని కణం కొసలు వదిలి పక్కలకి జరుగుతాయి. గుండెపోటు తర్వాత లయ తప్పడానికి ఇదొక కారణం. కానీ అది వారసత్వంగా వచ్చే సమస్య కాదు.)

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. బలహీనమైన అతుకు ప్రతిసారీ లాగుడు తట్టుకోవాలి. కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) గోడ ఎడమదానికంటే బాగా పల్చన, 3, 4 మిల్లీమీటర్లే ఉంటుంది. దూరం పరిగెత్తేటప్పుడు ఒత్తిడి పెరగడం కూడా కుడివైపే ఎక్కువ. అందుకే ఈ జబ్బు సాధారణంగా అక్కడ మొదలవుతుంది. అతుకు వదిలిన కణాలు చనిపోతాయి. పెద్దవాళ్ళ గుండెలో కొత్త కణాలు పుట్టడం చాలా తక్కువ, పాతికేళ్ళ వయసులో కూడా ఏడాదికి ఒక శాతం దగ్గరే. ఆ ఖాళీల్లో కొవ్వు, పీచు కణజాలం పేరుకుంటాయి. కరెంటు వాటిని దాటలేక చుట్టూ తిరుగుతూ ఉండిపోతే గుండె నిమిషానికి 200 సార్లు కూడా కొట్టుకోవచ్చు. అప్పుడు మెదడుకి రక్తం అందదు.

అరచేతులు ఎందుకు చూస్తామంటే

గ్రీసులో నాక్సోస్ అనే దీవి ఉంది. అక్కడ వైద్యం చేసిన నికోస్ ప్రొటోనొటారియోస్, ఆయన సహచరులు 1986లో కొన్ని కుటుంబాల గురించి రాశారు. ఆ ఇళ్ళలో కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఉన్నిలా బిరుసుగా, చుట్టలు తిరిగిన జుట్టు. పాకడం, నడవడం మొదలయ్యాక అరచేతులూ అరికాళ్ళూ మందంగా, పసుపు రంగుకి తిరిగేవి. పెద్దయ్యేసరికి వాళ్ళకే గుండె లయ తప్పేది. చర్మంలోనూ గుండెలోనూ ఎడతెగని లాగుడు ఉంటుంది, రెండుచోట్లా కణాల్ని పట్టి ఉంచేది డెస్మోజోములే. 2000లో ప్లాకోగ్లోబిన్ జన్యువులో రెండు అక్షరాలు లేకపోవడమే కారణమని తేలింది. ఏఆర్‌వీసీకి దొరికిన మొదటి డెస్మోజోమ్ జన్యువు అది. డెస్మోప్లాకిన్‌లో లోపంతో దాదాపు ఇవే లక్షణాలు, అయితే ఎడమ జఠరిక ఎక్కువగా దెబ్బతినే రూపం ఈక్వెడార్ కుటుంబాల్లో బయటపడింది. దాన్ని 1998లో వివరించిన వైద్యుడి పేరుతో కర్వహాల్ సిండ్రోమ్ అంటారు.

ఈ రెండూ తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వచ్చేవి. మనకి మేనరికాలు ఎక్కువ కాబట్టి నేను ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "అమ్మానాన్నా చుట్టాలేనా? ఏ వరుస?" అని అడిగితే కొందరు నొచ్చుకుంటారు. తప్పు పట్టడానికి అడిగేది కాదు. ఒకే తాత నుంచి వచ్చిన అదే లోపం రెండు వైపులా ఉండే అవకాశం మేనరికంలో పెరుగుతుంది, అంతే.

మామూలుగా కనిపించే ఏఆర్‌వీసీ వేరు. అందులో ఒక్కవైపు నుంచి లోపం వచ్చినా చాలు. పీకేపీ2 జన్యువు సంగతి 2004లో బయటపడింది, ఎక్కువ కుటుంబాల్లో దొరికేది అదే. వీళ్ళకు జుట్టు, చర్మం సాధారణంగా మామూలుగానే ఉంటాయి. కాబట్టి అరచేతులు బాగున్నాయి కదా అని జబ్బు లేదనుకోకండి.

మొదటి పని: వంశవృక్షం

పెద్ద చార్టు పేపరు ఒకటి తీసుకోండి. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, చనిపోయినవాళ్ళ మీద ఏటవాలు గీత. కనీసం మూడు తరాలు రాయాలి, అమ్మవైపూ నాన్నవైపూ కూడా. పసితనంలో పోయిన పిల్లల్ని వదిలేయకండి. ఒక్కొక్కరి పక్కన వయసు, చనిపోయి ఉంటే ఏ వయసులో, ఎలా అని రాయండి.

ఈ "ఎలా" దగ్గరే ఓపిక కావాలి. "ఎందుకు పోయాడు?" అంటే "హార్ట్ ఎటాక్" అనేస్తారు. కారణం అడగొద్దు, ఆ రోజు ఏం జరిగిందో అడగండి. ఏం చేస్తున్నాడు? పరిగెత్తుతున్నాడా, కబడ్డీ ఆడుతున్నాడా, బస్తాలు మోస్తున్నాడా? అంతకుముందు ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడ్డాడా? ఈత వచ్చినవాడు బావిలోనో చెరువులోనో మునిగిపోవడం, ఎవరూ ఢీకొట్టకుండానే బైకు మీద నుంచి పడిపోవడం, చికిత్స తీసుకున్నా తగ్గని ఫిట్స్, వీటన్నిటి వెనకా గుండె లయ ఉండొచ్చు. యాభై ఏళ్ళలోపు పోయిన ప్రతి ఒక్కరి గురించీ ఇలా అడగాలి.

ఇలాంటి సంగతులు మగవాళ్ళకంటే పెద్దవయసు ఆడవాళ్ళకి బాగా గుర్తుంటాయి. నాయనమ్మని, అమ్మమ్మ చెల్లెల్ని, పెద్ద మేనత్తని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో తండ్రీ బాబాయిలూ మా వంశంలో ఇలాంటిది లేదన్నారు. మేనత్త మాత్రం, "మా చిన్నన్నయ్య నాట్ల రోజుల్లో చెరువులో పోయాడు కదమ్మా, వాడికి ఈత బాగా వచ్చు" అంది. ఆ ఒక్క మాటతో ఆ తండ్రి తోబుట్టువులందర్నీ పరీక్షలకి పిలిచాం.

రెండో పని: కాగితాలు కాపాడటం

పాత ఈసీజీలు ఎక్కడున్నా వెతకండి. చాలా ఈసీజీలు థర్మల్ కాగితం మీద వస్తాయి. కొన్నేళ్ళకి గీతలు వెలిసిపోతాయి. ఇవాళే జిరాక్సు తీయించి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడిపోతుంది. ఫొటో తీసేటప్పుడు చిన్న గళ్ళు, మూలన ఉండే "25, 10" అనే అంకెలు కూడా పడాలి. కాగితం వేగం, ఎత్తు ఎంత పెట్టి తీశారో వాటిని బట్టే తెలుస్తుంది.

ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా పోయి పోస్ట్‌మార్టం జరుగుతుంటే, ఆ దుఃఖంలోనూ ఒక పని ఎవరో ఒకరు చూసుకోవాలి. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో రక్తం తీసి ఉంచమని, గుండెని ప్రత్యేకంగా పరీక్షకి పంపమని డాక్టర్ని అడగండి. ఫార్మలిన్‌లో ఉంచిన ముక్క నుంచి మంచి డీఎన్‌ఏ రావడం కష్టం, రక్తం నుంచి తేలిగ్గా వస్తుంది. తర్వాత తిరిగి సంపాదించుకోలేనిది ఇదొక్కటే.

మూడో పని: పరీక్షలు

జబ్బు ఉన్న మనిషి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, ముందు వీళ్ళు. పిల్లలకి సాధారణంగా పది పన్నెండేళ్ళ వయసు నుంచి మొదలుపెడతారు. కళ్ళు తిరిగి పడటం, గుండె దడ ఉంటే అంతవరకూ ఆగొద్దు.

ఈసీజీలో డాక్టరు ముఖ్యంగా చూసేది వీ1, వీ2, వీ3 అనే మూడు లీడ్లు, అంటే కుడి జఠరికకి దగ్గరగా పెట్టేవి. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళలో ఆ మూడింట్లోనూ టీ తరంగం (ఒక్కో గుండె దెబ్బ గీతలో చివర వచ్చే గుబ్బ) తలకిందులై ఉంటే అనుమానించాలి. చిన్నపిల్లల్లో అలా ఉండటం మామూలే, కంగారు పడొద్దు. కొందరిలో పెద్ద తరంగం అయిపోయాక ఎప్సిలాన్ అనే చిన్న బొడిపె కనిపిస్తుంది. అతుకులు వదిలిన చోట కరెంటు ఆలస్యంగా చేరిందని దాని అర్థం.

హోల్టర్ అంటే 24 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు ఒంటి మీద ఉండే ఈసీజీ. జఠరికల నుంచి రోజుకి 500 కంటే ఎక్కువ అదనపు దెబ్బలు వస్తే, 2010 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అది ఒక ఆధారంగా లెక్క. అది పెట్టుకున్న రోజు సెలవు పెట్టి పడుకోకండి. మెట్లెక్కండి, ఆఫీసుకి వెళ్ళండి, రోజూ చేసే పని చేయండి. స్నానం మాత్రం కుదరదు. గుండె దడ అనిపించిన టైమూ, అప్పుడు ఏం చేస్తున్నారో చిన్న కాగితం మీద రాయండి. ఎండాకాలంలో చెమటకి స్టిక్కర్లు ఊడిపోతాయి, అదనంగా రెండు అడిగి తీసుకోండి.

ఎకోకి వెళ్ళినప్పుడు "మా అన్నయ్యకి ఏఆర్‌వీసీ ఉంది, కుడి జఠరిక సైజు, కదలిక కొలిచి రాయండి" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే రద్దీలో ఎడమ జఠరిక అంకెలే రిపోర్టులో పడతాయి. రిపోర్టు చేతికొచ్చాక ఒక్కసారి చూసుకోండి, కుడివైపు గురించి ఒక్క అంకె కూడా లేకపోతే మర్యాదగా వెనక్కివ్వండి.

గుండె ఎంఆర్‌ఐ మాత్రం ఈ జబ్బు తరచుగా చూసేచోటే చేయించాలని నా గట్టి అభిప్రాయం. కుడి జఠరిక మీద కొంచెం కొవ్వు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. ఆ ఒక్కటీ చూసి ఏఆర్‌వీసీ అని రాసిన రిపోర్టులతో హడలిపోయి వచ్చినవాళ్ళున్నారు. గోడ కదలికలో తేడా, జఠరిక సైజు, గాడోలినియం మందు ఎక్కించాక కనిపించే మచ్చ, ఇవన్నీ కలిపి చూడాలి. మిషన్లో ఊపిరి బిగపట్టమంటారు. ముందురోజు ఇంట్లో పది పదిహేను సెకన్లు అలా ఉండటం అలవాటు చేసుకుంటే బొమ్మలు చెడిపోవు.

ఏ ఒక్క పరీక్షా దీన్ని తేల్చదు. ఈసీజీ నుంచి కొన్ని, ఎంఆర్‌ఐ నుంచి కొన్ని, కుటుంబ చరిత్ర నుంచి కొన్ని ఆధారాలు పోగు చేసి నిర్ణయిస్తారు. ఎడమ జఠరికలో మొదలయ్యే రూపాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటూ 2020లో ఇటలీలోని పాడువా నగరం పేరుతో కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఇంకో సంగతి. ఛాతీ నొప్పి వచ్చి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ప్రొటీను) పెరిగి, యాంజియోలో రక్తనాళాలన్నీ బాగుండి, "మయోకార్డైటిస్" (గుండె కండరం వాపు) అని చెప్పి పంపిన మనిషి మీ ఇంట్లో ఉంటే అది వంశవృక్షంలో తప్పక రాయండి. డెస్మోప్లాకిన్ లోపం ఉన్నవాళ్ళలో జబ్బు ఇలా విడతలు విడతలుగా బయటపడుతుంది.

అన్నీ నార్మల్ వస్తే? సంతోషించండి, తర్వాతి తేదీ రాసుకోండి. ఇరవైల నుంచి నలభైల మధ్యలో ఎప్పుడైనా బయటపడే జబ్బు ఇది. వయసును బట్టి ఏడాదికో, రెండు మూడేళ్ళకో మళ్ళీ చూపించుకోవాలి.

నాలుగో పని: జీన్ టెస్టు

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ముందు చేయించడం డబ్బు దండగ. జబ్బు ఉన్న మనిషికే ముందు చేయాలి. ఆ మనిషిలో మార్పు దొరికితే మిగతావాళ్ళకి ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూస్తే చాలు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

రిపోర్టులో మొదట చూడాల్సింది జన్యువు పేరు కాదు, మార్పు ఏ తరగతో. "పాథోజెనిక్", "లైక్లీ పాథోజెనిక్" అంటే జబ్బుకి కారణమయ్యే మార్పు, దాన్ని ఆధారంగా తీసుకుని మిగతావాళ్ళని పరీక్షించొచ్చు. "వీయూఎస్" అంటే దాని ప్రభావం ఇంకా తేలలేదని. వీయూఎస్ చూసి పెళ్ళి ఆపుకోవడం, ఉద్యోగం మానుకోవడం, చెల్లెలికి ప్రమాదం లేదని అనుకోవడం, ఏదీ చేయొద్దు. కొన్నేళ్ళకి సమాచారం పెరిగి తరగతి మారొచ్చు. ఏడాదికోసారి ల్యాబ్‌ని అడగండి. ఏ మార్పూ దొరకని కుటుంబాలూ చాలా ఉన్నాయి. అప్పుడు జబ్బు లేదని కాదు, అందరూ ఈసీజీ, ఎకోల మీదే ఆధారపడి ఫాలోఅప్ కొనసాగించాలి.

రిపోర్టులో ఎంవైబీపీసీ3 అని కనిపిస్తే అది వేరే దారి. ఆ జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు భారత ఉపఖండం జనాభాలో సుమారు నాలుగు శాతం మందిలో ఉందని 2009లో వెలువడిన పరిశోధన చెప్పింది. అందులో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం పనిచేసింది. అది కణం లోపల ముడుచుకునే భాగానికి చెందిన ప్రొటీను, అతుకులది కాదు. రెండిటినీ కలిపి భయపడొద్దు.

ఇంట్లో తెలిసిన మార్పు మీలో లేదని తేలితే మీకు, మీ పిల్లలకి ఈ ఫాలోఅప్ అక్కర్లేదు. ఉందని తేలితే మీకు జబ్బు వచ్చేసిందని కాదు. లోపం ఉండి కూడా జీవితాంతం ఏమీ కానివాళ్ళు ఉన్నారు. ప్రతి బిడ్డకీ లోపం చేరే అవకాశం సగానికి సగం, మగబిడ్డయినా ఆడబిడ్డయినా, అమ్మ నుంచయినా నాన్న నుంచయినా. ఇది నేను అత్తగార్లు గదిలో ఉన్నప్పుడు ఇంకొంచెం గట్టిగా చెబుతాను. కోడలు తెచ్చిన జబ్బు అనే మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. మన జన్యువుల్ని మనం ఎంచుకుని పుట్టలేదు.

పరుగు సంగతి

ఈ గైడులో ఒక్క విషయమే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. లోపం ఉన్నవాళ్ళు దూరపు పరుగులు, పోటీ ఆటలు, ఆయాసం వచ్చేదాకా చేసే జిమ్ము మానాలి. డెస్మోజోమ్ జన్యువుల్లో లోపం ఉన్నవాళ్ళ మీద 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘ పరుగుల్లాంటి వ్యాయామం చేసినవాళ్ళకి జబ్బు చిన్నవయసులోనే బయటపడిందని, ప్రమాదకరమైన లయలు ఎక్కువని తేలింది. స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆంటోనియో ప్యుయెర్టా 2007 ఆగస్టులో మ్యాచ్‌లో కుప్పకూలి, మూడు రోజులకి చనిపోయాడు. వయసు 22. కారణం ఈ జబ్బే. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులందరికీ ఈసీజీతో ముందస్తు పరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత వెనెటో ప్రాంతంలో క్రీడాకారుల హఠాన్మరణాలు 89 శాతం తగ్గాయని 2006లో ప్రచురించారు.

మన దగ్గర ఇది పిల్లల జీవనోపాధి ప్రశ్న. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంది. ఆ పరుగు కోసం తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో నెలల తరబడి ప్రాక్టీసు చేస్తారు. అన్నకి ఏఆర్‌వీసీ ఉన్న కుర్రాడు పరీక్షలేవీ చేయించుకోకుండా ఆ గ్రౌండుకి వెళ్ళకూడదు. ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం చూడటం నాకెప్పుడూ కష్టమే. కానీ నోటిఫికేషన్ వచ్చాక చెప్పేకంటే ఇంటర్‌లో ఉండగానే చెబితే వేరే దారి వెతుక్కునే వ్యవధి ఉంటుంది. పరుగు అక్కర్లేని సర్కారు ఉద్యోగాలు చాలా ఉన్నాయని కూర్చోబెట్టి చూపించండి.

నడక, ఇంటి పని, డాక్టరు చెప్పిన హద్దులో తేలికపాటి వ్యాయామం మానక్కర్లేదు. పూర్తిగా కదలకుండా కూర్చోబెట్టినా నష్టమే.

మందులు, ఐసీడీ, అత్యవసరం

జబ్బు ఉందని తేలినవాళ్ళకి సాధారణంగా గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు ఇస్తారు. లయ ఎక్కువగా తప్పుతుంటే సొటలాల్, అమియోడరోన్ లాంటివి, కొందరికి అబ్లేషన్, అంటే లయ తప్పించే చోటుని సన్నటి తీగతో కాల్చడం. ప్రాణాపాయం ఎక్కువని లెక్క తేలినవాళ్ళకి ఐసీడీ పెడతారు. లయ తప్పగానే లోపలి నుంచే షాక్ ఇచ్చే యంత్రం అది. అందరికీ అక్కర్లేదు. పెట్టించుకున్నవాళ్ళు దాని కార్డు ఎప్పుడూ పర్సులో ఉంచుకోవాలి, ఫోను ఆ వైపు చొక్కా జేబులో పెట్టకుండా జానెడు దూరంగా ఉంచాలి. బీటా బ్లాకర్ సొంతంగా హఠాత్తుగా మానేయొద్దు. పీకేపీ2 లోపానికి జీన్ థెరపీ విదేశాల్లో మనుషుల మీద తొలి దశ పరీక్షల్లో ఉంది. ఇప్పుడే ఇక్కడ చేస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

ఇంట్లో పెద్దపిల్లలతో సహా అందరూ సీపీఆర్ నేర్చుకోండి. మనిషి పడిపోయి పలకకపోతే, ఊపిరి సరిగ్గా లేకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. మొహం మీద నీళ్ళు చల్లుతూ, చేతిలో తాళాలు పెడుతూ నిమిషాలు పోగొట్టుకోవద్దు.

చివరి పని: చుట్టాలకి చెప్పడం

ఎక్కువ కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. మాటలు లేని పెదనాన్న ఉంటాడు, ఆస్తి తగాదా ఉన్న మేనమామ ఉంటాడు, అమెరికాలో ఉన్న కజిన్‌కి ఎందుకులే టెన్షన్ అనుకుంటారు. డాక్టరు నేరుగా వాళ్ళకి ఫోను చేయలేడు, చెప్పాల్సింది మీరే. జబ్బున్న మనిషి అనుమతి ముందు తీసుకోండి. ఫోనులో మాట తడబడుతుంది కాబట్టి రాసి పంపమంటాను. నేను రాసిచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది, మీ వరుసలకి తగ్గట్టు మార్చుకోండి:

"మామయ్యా, నమస్కారం. మా తమ్ముడికి ఏఆర్‌వీసీ అనే గుండె జబ్బు ఉందని తేలింది. ఇది వంశంలో వచ్చేది. మన ఇంట్లో ఇంకెవరికైనా ఉండొచ్చు, బయటికి ఏమీ తెలియకపోవచ్చు. ముందే తెలిస్తే జాగ్రత్తలున్నాయి, మందులున్నాయి. మీరు, పిల్లలు ఒకసారి గుండె డాక్టరుకి చూపించుకుని ఈసీజీ, ఎకో, హోల్టర్ చేయించుకోండి. అప్పటిదాకా పిల్లల్ని పరుగు పోటీలకి పంపొద్దు. తమ్ముడి జీన్ రిపోర్టు కాపీ ఇక్కడ పెడుతున్నాను, మీ డాక్టరుకి చూపించండి. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు నాకు ఫోన్ చేయండి, నేనే తోడు వస్తాను."